ఓనర్ గారి అబ్బాయి, 302 కుర్రాళ్లు, ఒక డిపోర్టేషన్

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో పోయిన నెల ఒక డిపోర్టేషన్ జరిగింది. 302లో అద్దెకుండే బ్యాచిలర్ కుర్రాళ్లు అర్ధరాత్రి సెల్లార్‌లో బర్త్‌డే కేక్ కోసి, పిల్లర్‌కి క్రీమ్ పూశారు. తెల్లారేసరికి ఖాళీ చెయ్యమని నోటీసు. అంతకు పదిహేను రోజుల ముందు అదే సెల్లార్‌లో 501 ఓనర్ గారి అబ్బాయి కారు రివర్స్ చేస్తూ మోటార్ స్టార్టర్ బాక్స్‌ని పచ్చడి చేస్తే, రెండు రోజులు ట్యాంకర్ దగ్గర బకెట్లు పట్టుకుని నిలబడ్డాం గానీ, మినిట్స్ పుస్తకంలో మాత్రం "చిన్నపిల్లాడు, చూసుకోలేదు" అని రాసుకున్నాం. కింద నా సంతకం కూడా ఉంది.

అన్యాయమని తొందరపడకండి. సెక్రటరీ గారు ఆ కుర్రాళ్లకి నెమ్మదిగానే చెప్పారు, "శిక్షేం వెయ్యట్లేదు బాబూ, ఖాళీ చెయ్యమంటున్నాం, అంతే." 1893లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అచ్చం ఇదే అంది, దేశం నుంచి పంపించెయ్యడం నేరానికి శిక్ష కాదని. అందుకే అక్కడ పౌరుడు కానివాడు తప్పు చేస్తే జైలు లెక్క వేరు, జైలయ్యాక విమానం ఎక్కించే లెక్క వేరు. మా సెక్రటరీ గారు ఆ తీర్పు చదవలేదు, సొంతంగా కనిపెట్టారు.

అసలాయనకి డిపోర్టేషన్ అంటే మహా ఇష్టం. డ్రగ్స్ కేసులో దొరికిన విదేశీయుణ్ణి వెనక్కి పంపారని పేపర్లో పడితే చాలు, లిఫ్ట్ ఆపి మరీ చదివి వినిపిస్తారు. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయుల్ని సంకెళ్లతో అమెరికా మిలిటరీ విమానం అమృత్‌సర్‌లో దించినప్పుడు కూడా, "దొంగదారిన పోతే అంతే మరి, మనవాళ్లయితే మాత్రం" అన్నారు. ఆ మనవాళ్లలో ఎక్కువమంది పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లు కాబట్టి అనడం తేలికైంది.

తర్వాత న్యూజెర్సీలో ఎంఎస్ చదివే ఆయన మేనల్లుడు ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఆరు వస్తువులు సంచిలో వేసి నాలుగే స్కాన్ చేసి దొరికిపోయాడు. ఆ రోజు నుంచి మా లిఫ్ట్ దగ్గర దొంగతనం అన్న మాటే లేదు, "బిల్లింగ్‌లో మిస్ అయింది" అంటున్నారు. దొంగతనం చేస్తే వీసా పోవచ్చని, మళ్లీ రాకపోవచ్చని అమెరికా ఎంబసీ 2025 జూలైలోనే హెచ్చరించింది కద సార్ అంటే, "అది దొంగలకి చెప్పిందోయ్" అన్నారు. దొంగతనం లాంటి నేరాలకి అమెరికా వలస చట్టం వాడే 'మోరల్ టర్పిట్యూడ్' అనే మాటకి అర్థం ఏమిటని అడిగారు. నైతిక పతనం అన్నాను.

"రెండు షాంపూ సీసాలకి అంత పెద్ద మాటా?"

పెద్ద మాటే. అమెరికా 1996 వలస చట్టం ప్రకారం దొంగతనానికి ఏడాది శిక్ష పడితే, ఒక్క రోజు కూడా జైల్లో ఉండకుండా శిక్ష నిలిపేసినా సరే, గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణి కూడా పంపించెయ్యొచ్చు. అందుకే వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్ 2019లో చిన్న నేరాల గరిష్ఠ శిక్షని 365 రోజుల నుంచి 364కి దించాయి. రైతుబజార్లో కొత్తిమీర కట్ట దగ్గర రూపాయికి బేరమాడే మనకి, ఈ ఒక్క రోజు బేరం విలువ ఒకరు చెప్పాలా!

"లాయర్ ఏం కాదులే అన్నాడట" అన్నారు సెక్రటరీ గారు. నాకు పడీలా కేసు గుర్తొచ్చింది. హోండురాస్‌లో పుట్టి, 40 ఏళ్లకు పైగా అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉండి, వియత్నాం యుద్ధంలో పనిచేసిన మనిషి. ట్రక్కులో గంజాయి దొరికింది. ఇన్నేళ్ల నుంచి ఉన్నావు కదా, టెన్షన్ పడకు అన్నాడు లాయరు. ఈయన నేరం ఒప్పేసుకున్నాడు, డిపోర్టేషన్ మెడ మీదికొచ్చింది. ఇలాంటి సంగతి లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు అనాల్సొచ్చింది. అంతా విని సెక్రటరీ గారు నిట్టూర్చారు. "వాడిది గంజాయి కదోయ్. మనవాడిది షాంపూ."

ఆదివారం చిలుకూరు వెళ్లాం. వీసా కోసం మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఉన్న వీసా పోకుండా ఉండాలంటే ఎన్నో ఎవరూ చెప్పలేదు, రిస్క్ ఎందుకని ఆయన 108 మొదలుపెట్టారు. 302 చూడ్డానికి ఇద్దరు కుర్రాళ్లొచ్చారని వాచ్‌మన్ ఫోన్ చేస్తే, ఏం చెప్పమంటారని పక్కన నడుస్తూ అడిగాను.

"బ్యాచిలర్సా? తేడా వస్తే ఒక్క రోజు కూడా ఆగేది లేదని ముందే చెప్పు" అన్నారు, కార్డు మీద 73 దగ్గర టిక్కు పెడుతూ.