బ్యాటరీ వైరు విప్పితే ఆరేది లైటు, తీరేది లోపం కాదు

పికప్ బండ్లు నడిపేవారి ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "చెక్ ఇంజిన్ లైటు వదలడం లేదా? సర్వీసు సెంటరుకు వెళ్లి డబ్బు పోగొట్టుకోకండి. ముందు డీజిల్ ట్యాంకు మూత బిగించండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు పదిహేను నిమిషాలు విప్పి ఉంచండి. మళ్లీ వెలిగితే కోడ్ చూసి ఆ సెన్సారు మార్చండి. అప్పటికీ పోకపోతే పొగగొట్టంలోని ఫిల్టరు తీయించి ఖాళీ పైపు వేయించండి, మైలేజీ పెరుగుతుంది. బండి లాగుతున్నంత కాలం ఆ లైటును పట్టించుకోనక్కర్లేదు."

కడియం నర్సరీల నుంచి మొక్కలు మోసే మా బండ్ల వాళ్లలో ఇది నాకు పంపనివారు లేరు. మొదటి మూడు సలహాలు నేనూ పాటించాను. డబ్బూ పోయింది, రెండు నెలల కాలమూ పోయింది.

మూత సంగతి ముందు తేల్చేద్దాం. అది పెట్రోలు బండ్ల సలహా. ట్యాంకులోని పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా పట్టే ఏర్పాటు ఆ బండ్లలో ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే పరీక్షించుకునే) విధానం ఆ ఆవిరి ఎక్కడైనా కారుతోందా అని కూడా పరీక్షిస్తుంది కాబట్టి, మూత వదులైతే అక్కడ లైటు వెలగడం నిజమే. డీజిల్ అంత తేలికగా ఆవిరి కాదు. డీజిల్ పికప్పులో ఆ పరీక్షే ఉండదు.

బ్యాటరీ వైరు సలహా అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది పనిచేసినట్టే కనబడుతుంది. లోపం పట్టుకున్నప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఆ లోపానికి గుర్తయిన కోడ్ ఒక్కటే దాచుకోదు. ఆ క్షణాన ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత భారం మోస్తోంది అన్నవి కూడా నమోదు చేస్తుంది. దీన్ని మెకానిక్కులు ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వైరు విప్పితే చాలా బండ్లలో ఇదంతా చెరిగిపోతుంది. పైగా చాలా లోపాలను కంప్యూటర్ వరుసగా రెండు ప్రయాణాల్లో చూశాకే లైటు వెలిగిస్తుంది. అందుకే వైరు తిరిగి తగిలించాక రెండు మూడు రోజులు ఏ లోపమూ లేనట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదలవుతుంది. లోపం నిజంగా పోతే ఎవరూ ఏమీ విప్పనక్కర్లేదు. సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష సరిగా వస్తే లైటు దానంతట అదే ఆరిపోతుంది. నేను మూడుసార్లు వైరు విప్పి, మేస్త్రి చూడవలసిన ఆధారాన్ని మూడుసార్లు నా చేతులతోనే చెరిపేశాను.

ఇక సెన్సారు మార్చమనడం. నా బండిలో వచ్చిన కోడ్ పీ2463. డీజిల్ మసిని పట్టే ఫిల్టరులో మసి ఎక్కువగా పేరుకుందని దాని అర్థం. ఫిల్టరుకు ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడాను కొలిచే సెన్సారు ఒకటి ఉంటుంది. అదే పోయిందన్నారు, కొత్తది వేశారు, వారానికి లైటు మళ్లీ వెలిగింది. చివరికి రాజమహేంద్రవరంలో ఒక పెద్ద మేస్త్రి గారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ తగిలించి, బండికి లోడు ఎక్కించి, నా పక్కన కూర్చుని రోడ్డు మీదికి నడిపించారు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలని కంప్యూటర్ అడుగుతోంది, నిజంగా ఎంత వస్తోంది అని రెండు అంకెలూ చూశారు. లోడు మీద ఎక్కేటప్పుడు రెండింటికీ పొంతన లేదు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగున చీలిక ఉంది. బండి ఆగి ఉంటే అది మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. లోపలికి వచ్చిన గాలిని కంప్యూటర్ ముందే కొలిచేస్తుంది, కొలిచాక అది చీలికలోంచి బయటికి పోతోంది. గాలి చాలక డీజిల్ సరిగా మండదు, మసి పెరుగుతుంది, ఫిల్టరు నిండుతుంది. సెన్సారు మొదటి నుంచీ నిజమే చెబుతోంది. గొట్టం ఖరీదు నేను మార్చిన సెన్సారు ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు.

కోడ్ చెప్పేది లక్షణం, పాడైన భాగం పేరు కాదు. పీ0401 అంటే ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ద్వారా తిరిగి వెళ్లవలసిన పొగ తక్కువగా వెళ్తోందని. వాల్వు పాడవ్వచ్చు, దారిలో మసి గడ్డకట్టి ఉండవచ్చు. పీ0087 అంటే ఇంధన ఒత్తిడి చాలడం లేదని. పంపు మార్చేముందు డీజిల్‌ను వడకట్టే ఫిల్టరు చూడాలి కదా!

పొగగొట్టంలోని మసి ఫిల్టరు తీసేయమనే సలహా మీద నాకు కోపం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలైనప్పుడు డీజిల్ బండ్లకు ఈ ఫిల్టరు వచ్చింది. పేరుకున్న మసిని కాల్చుకోవడానికి కంప్యూటర్ అదనంగా డీజిల్ పంపి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. అందుకు కొంతసేపు ఆగకుండా నడవాలి. మా బండ్లు నర్సరీ నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి నర్సరీకి పది కిలోమీటర్ల లోపే తిరుగుతాయి. మసి కాలుతుండగానే ఇంజిన్ ఆపేస్తాం. సగం కాలిన మసి అలాగే ఉంటుంది, అదనపు డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది. ఆయిల్ పుల్ల మీద మట్టం పెరిగితే సంతోషించకండి, అది ఈ డీజిలే. వారానికి ఒకసారైనా 16వ నంబరు జాతీయ రహదారి మీద అరగంట ఒకే వేగంతో నడపడం వల్ల మా బండ్లలో చాలావాటికి ఈ బాధ తగ్గింది.

మూసుకుపోయిన ఫిల్టరు తీస్తే మైలేజీ పెరిగినట్టు అనిపించడం నిజమే. శుభ్రం చేయించినా ఆ మైలేజీ తిరిగి వస్తుంది. తీసేశాక ఒత్తిడిలో తేడా రాదు కాబట్టి కంప్యూటర్ మళ్లీ లైటు వేస్తుంది. దాన్ని ఆపడానికి సాఫ్ట్‌వేర్‌నే మార్చేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. మొక్కలు దించే కూలీలు ఇంజిన్ ఆడుతున్న బండి వెనకే నిలబడి పనిచేస్తారు. ఆ పొగ ముందు వాళ్లకే తగులుతుంది.

బండి లాగుతోందిగా అంటారా? ఎన్ని లోపాలున్నా ఆ లైటు ఒక్కటే. పాత లోపానికి అది వెలుగుతూ ఉంటే కొత్త లోపం వచ్చిన సంగతి మీకు తెలిసే దారి లేదు. పెట్రోలు పికప్పులో అది మిణుకుమిణుకుమంటే వెంటనే వేగం తగ్గించి పక్కకు ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కరిగించేస్తుంది.

సందేశంలో ఒక మాటను ఒప్పుకుంటాను. పరీక్షించకుండా భాగాలు మార్చి బిల్లు వేసే చోట్లు ఉన్నాయి, నేనూ వాటికి చెల్లించాను. దానికి విరుగుడు వైరు విప్పడం కాదు. లైటు వెలిగిన రోజు, అప్పటి వేగం, లోడు, ఎక్కుడా చదునా అన్నవి రాసుకోండి. ఏదైనా విప్పకముందే స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలించి కోడ్ చూపించమనండి. నేను అలా రాసుకునే చిన్న పుస్తకం ఇప్పుడు డాష్‌బోర్డు అరలోనే ఉంటుంది. పోయిన వర్షాకాలం పీ0401 వచ్చినప్పుడు అందులోని నాలుగు వరుసలు చదివి మేస్త్రి గారు నేరుగా ఈజీఆర్ దారి విప్పి, మసి గీకి తీసి బిగించారు. కొత్త భాగం ఏదీ కొనలేదు.