‘మేనరికమా?’ అనే ప్రశ్న గారికి

మహారాజశ్రీ ‘మేనరికమా?’ గారి సముఖానికి,

నిన్న ఆస్పత్రిలో డాక్టరు గదిలోకి వెళ్లేలోపే తమరి దర్శనం నాలుగుసార్లయింది. ఓపీ చీటీ రాసే దగ్గర ఒకసారి, బరువు చూసిన సిస్టర్ దగ్గర ఒకసారి, కేస్ షీట్ రాసుకోవడానికొచ్చిన హౌస్ సర్జన్ నోట ఇంకోసారి. చివరికి గేటు దగ్గర టీ కొట్టు పెద్దమ్మ కూడా మావాడి మోకాలు చూసి, గ్లాసు చేతిలో పెడుతూ "మేనరికమామ్మా?" అంది.

కాదండీ. మాది తెనాలి, ఆయనది కరీంనగర్. పెళ్లిచూపుల దాకా ఆ ఇంటివాళ్లు ఈ ఇంటివాళ్ల ముఖం చూసిన పాపాన పోలేదు. మావాడిది హీమోఫిలియా ఏ, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 తక్కువ. మొన్న బడిలో ఆడొచ్చి సాయంత్రం కాలు లాగుతోందన్నాడు, తెల్లారేసరికి మోకాలు కొబ్బరికాయంత. ఫస్ట్ బస్సుకే బయల్దేరాం. వచ్చి ఏం లాభం, పన్నెండున్నర దాకా బెంచీ మీదే. కీలులో రక్తం దిగుతుంటే ఎంత త్వరగా ఫ్యాక్టర్ ఎక్కిస్తే అంత మంచిదని పోస్టర్ కూడా ఉంది, సరిగ్గా మా నెత్తిమీదే. వాడికి 500 యూనిట్ల సీసా ఒక్కటి చాలు. స్టాక్ చూసే మనిషి టిఫిన్‌కెళ్లాడు, సంతకం పెట్టే ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. వాళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో.

పుట్టుకతో రక్తం సరిగ్గా తయారవని తలసేమియా పిల్లల వార్డులో తమరికి పనుంది, కాదనను. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకుండా ఆ జన్యువు మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గర చుట్టాలైతే ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకీ అంతే. మావాడిది అలా కాదు. నా ఎక్స్ క్రోమోజోమ్‌లోంచి దిగింది, అదే మా అమ్మ నుంచి నా అన్నదమ్ములకీ దిగి ఉండొచ్చు. బావని చేసుకున్నా, చంద్రమండలం నుంచి దిగినవాణ్ణి చేసుకున్నా, నాకు పుట్టే మగపిల్లాడికి సగానికి సగం అవకాశం. కొందరికైతే ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తుంది.

అడగాల్సింది మేనమామ గురించి మహాప్రభో, మేనరికం గురించి కాదు!

ఆ మాట నిన్న అడిగింది ఎవరో తెలుసా? ఇద్దరు కొడుకుల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకున్న ఒకావిడ. "మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా రక్తం ఆగకపోవడం ఉండేదా?" అంది, అంతే. మా పెద్దన్నయ్య పదకొండో ఏట పన్ను పీకించుకొచ్చాడు. మూడు రోజులు దిండు తడుస్తూనే ఉంది, నాలుగోరోజు పోయాడు. అమ్మ దిష్టి అంది, నాన్న పన్ను పీకినాయన్ని తిట్టాడు. ఆరేళ్ల మా ఫైల్లో ఎక్కడా ఆ అన్నయ్య లేడు. మొదటి పేజీలో మాత్రం నువ్వున్నావు, ఎర్ర ఇంకుతో గీత కొట్టించుకుని మరీ: "ఎన్‌సీఎం". మేనరికం కాదు అని దానర్థమట. రాసుకున్నాక మళ్లీ ఎందుకొస్తావ్? సిగ్గుండక్కర్లా?

నువ్వు చేసిన ఘనకార్యం ఇంకోటుంది. అస్తమానం నిన్ను విని విని మా నాన్న హడలిపోయాడు. చెల్లెల్ని మేనత్త కొడుక్కిద్దామని చిన్నప్పట్నుంచీ అనుకున్న సంబంధం తప్పించేశాడు. బయటి సంబంధమైతే పిల్లలకి ఏ జబ్బూ రాదని ఆయన ధైర్యం. మాఘంలో పెళ్లి. ఆ చెల్లెలే నిన్న మావాడి మోకాలి మీద గుడ్డలో చుట్టిన ఐసు పట్టుకుని కూర్చుంది. ఆవిడ అలా అడిగేసరికి దాని చెయ్యి ఆగిపోయింది. ఐసు నీళ్లు వాడి పాదం మీదకి కారుతున్నాయి.

"అక్కా, అయితే నేను కూడా టెస్ట్ చేయించుకోవాలా?"

నేను నోరు తెరిచేలోపు మా నంబర్ పిలిచారు. లోపల కొత్త డాక్టరమ్మ. ఫైలు తిరగేసి, పెన్ను క్యాప్ తీసి, తలెత్తకుండానే అడిగింది. ఏం అడిగిందో నీకు వేరే చెప్పాలా!