ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టె గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టె గారికి,
కిరాణా కొట్టు అటక.

ఉభయకుశలోపరి. పాత స్పీకర్లు ఇంకా మీ చేతికి చిక్కలేదు కాబట్టి ఇక్కడ అవి కూడా క్షేమమే.

ఇంట్లో స్పీకర్ల జత అమ్మేద్దామని ఎవరైనా అనుకోవడం ఆలస్యం, అందరికీ ముందు గుర్తొచ్చేది మీరే. షావుకారు పదో ఇరవయ్యో తీసుకుని మిమ్మల్ని అప్పగిస్తాడు. లోపల రెండు పాత దిండ్లు, పైన గోధుమరంగు టేపు నాలుగు చుట్లు, అయిపోయింది ప్యాకింగు. మీరూ ఎప్పుడూ కాదన్న పాపాన పోలేదు.

కానీ మీ సంగతి మాకు తెలుసు. పైన పటారం, లోన లొటారం. మీది 3 ప్లై వంశం: అటొక కాగితం, ఇటొక కాగితం, నడుమ వంకీల కాగితం ఒకటి. నిండుగా ఉన్న రోజుల్లో బిస్కెట్ ప్యాకెట్లే మీ గోడలకు ఆనుకుని మిమ్మల్ని నిలబెట్టాయి. లోకం మాత్రం మీరే వాటిని మోశారనుకుంది. ఇప్పుడు మీలో దిగబోయేది 12 కిలోల చెక్క డబ్బా. దాని మొహాన బాస్ మోగించే 8 అంగుళాల వూఫరు, వూఫరు వీపున ఫెర్రైట్ అయస్కాంతం.

ఆ అయస్కాంతం గురించి మీకెవరూ చెప్పి ఉండరు. రెండు ఇనుప పళ్లేల మధ్య దాన్ని పట్టి ఉంచేది చాలావాటిలో జిగురే. మీరు గోడౌన్‌లో ఒక మూల మీద దబ్బున పడితే డబ్బా ఆగుతుంది, బరువైన అయస్కాంతం మాత్రం ఇంకాస్త ముందుకు పోదామని చూస్తుంది. కోనును ఆడించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, ఆడే సందు అటూ ఇటూ అర మిల్లీమీటరు కూడా ఉండదు. జిగురు వదిలి అయస్కాంతం ఆ మాత్రం జరిగిందా, కాయిల్ ఒక పక్క ఒరుసుకుంటుంది. బయట గీత ఉండదు, పాలిష్ చెక్కుచెదరదు. కొన్నవాడు వూఫరు ముందు ఆడే గరాటులాంటి కోను మీద వేళ్లు చుట్టూ సమంగా ఆనించి మెల్లగా నొక్కితే, ఇసుక గచ్చు మీద చెప్పు రాసినట్టు గరగర వినిపిస్తుంది. ఫోన్లో పంచాయితీ అక్కడ మొదలవుతుంది.

అన్ని పాపాలూ మీ ఖాతాలో వెయ్యడం కూడా అన్యాయమే. కొన్ని స్పీకర్లు మీలో ఎక్కకముందే పోయి ఉంటాయి. కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు 15, 20 ఏళ్లకు గాలిలో తేమకే కుళ్లిపోతుంది. వేలితో తాకితే జిగటగా అంటుకున్నా, పొడిలా రాలినా ఇక దాని పని అయిపోయినట్టే. రబ్బరు అంచు అయితే ఇంకా చాలాకాలం వస్తుంది. ఫోమ్ మార్పించి అమ్మాలి, లేదా ఆ సంగతి చెప్పి ధర తగ్గించాలి. 8 ఓమ్‌ల వూఫరును మల్టీమీటరుతో చూస్తే ఇంచుమించు 5.5 నుంచి 7 చూపాలి. ముల్లు కదలకపోయినా, డిజిటల్ మీటరు ఓఎల్ (కొలతకు అందలేదు) అన్నా కాయిల్ తెగినట్టే. బ్యాలెన్స్ నాబ్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి రెండూ విడివిడిగా మోగుతున్న వీడియో, ఫోమ్ అంచు దగ్గర నుంచి ఫోటో, వెనక సీరియల్ నంబర్ల ఫోటో తీసి పెట్టుకుంటే రేపు నింద ఎవరిదో తేలుతుంది. (అన్నట్టు, డబ్బు పంపుతాను, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనేవాడు కొనడానికి వచ్చినవాడు కాదు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.)

ఇక మీ లోపలి పరివారం. దిండు మెత్తగానే ఉంటుంది, కానీ 12 కిలోలు మీద కూర్చుంటే ఒక పక్కకు అణిగిపోతుంది. పైగా దాన్ని వూఫరు మొహానికే కుక్కుతారు, దారంతా కోను మీద ఒత్తిడి. పేపరు ఉండలు సగం దారిలోనే చదునైపోతాయి. థర్మోకోల్ మొదటి దెబ్బ కాస్తుంది, కాచి అక్కడే విరుగుతుంది. రెండో దెబ్బకు మీరూ స్పీకరూ ముఖాముఖి. విరిగిన పూసలు బాస్ పోర్టులోంచి, అంటే డబ్బాకున్న గాలి రంధ్రంలోంచి, లోపలికి దూరి, కొన్నవాడింట్లో ఏడాదిపాటు గలగలలాడతాయి. బబుల్ రేపరు నేరుగా పాలిష్‌కు చుడితే ఎండలో నిలబెట్టిన లారీలో బుడగల అచ్చు చక్కగా దిగుతుంది. టేపు నేరుగా వెనీర్‌కు, అంటే పైనున్న పల్చటి చెక్క పొరకు, అంటిస్తే విప్పేటప్పుడు వెనీర్ కూడా టేపుతో వచ్చేస్తుంది.

మీకు తెలియని పెద్దింటి పద్ధతి ఒకటుంది. ముందు పల్చటి ఫోమ్ షీటు, దాని మీద స్ట్రెచ్ ఫిల్మ్. ముందు కప్పే గ్రిల్ లేకపోతే ముందు పలక కొలతకు మందపాటి అట్ట కోసి, అంచుల చుట్టూ మాత్రమే ఫోమ్ అతికించి మొహానికి పెట్టాలి, సన్నటి శబ్దాలు పలికే ట్వీటరు గుమ్మటానికి ఏదీ తగలకూడదు. సిల్కు గుమ్మటం నొక్కుపడితే ఒక్కోసారి తేరుకుంటుంది, లోహపుది ఆ సొట్టతోనే ఉండిపోతుంది. ఎనిమిది మూలలకూ ఈపీఈ ఫోమ్ (ప్యాకింగుకు వాడే తెల్లటి మెత్తని ప్లాస్టిక్ నురగ) మూలలు, 5 ప్లై పెట్టె, అన్నివైపులా 5 సెంటీమీటర్ల ఫోమ్. ఆ పెట్టెను 7 ప్లై పెట్టెలో పెట్టి, మధ్యలో మళ్లీ 5 సెంటీమీటర్లు. ఊపి చూస్తే లోపల ఏదీ కదలకూడదు. పెట్టెకు ఒక్క స్పీకరే. రెండూ ఒకే పెట్టెలో పోతే దారిలో ఒకదాన్నొకటి కొట్టుకు చస్తాయి.

దీనికి ఖర్చు లేదని అనం. 40×25×30 సెంటీమీటర్ల స్పీకరు పైలెక్కన 60×45×50 పెట్టె అవుతుంది. చాలా కొరియర్లలో ఆ మూడు కొలతలూ గుణించి 5000తో భాగిస్తారు, ఛార్జీ లెక్కకు తూకం 27 కిలోలు. స్పీకరు 12 కిలోలే, డబ్బు కట్టేది గాలికి కూడా. మీ అభిమానులంతా పెరిగేది ఇక్కడే. హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి దూరాలకు నేరుగా వెళ్లే బస్సులో కార్గో నయం: ఒకసారి ఎక్కింపు, ఒకసారి దింపుడు. కొరియర్ హబ్బుల్లో మీరు ఎన్నిసార్లు గాల్లోకి లేస్తారో మీకే తెలియదు. లారీలో వేస్తే రసీదు మీద 'ఓనర్స్ రిస్క్' (నష్టం సరుకు సొంతదారుదే) అని అచ్చయి ఉందేమో చూడాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, ఎక్కువ విలువ రాయించి దానికి తగ్గ ఛార్జీ కట్టనివాళ్లకు నష్టపరిహారం కిరాయికి 10 రెట్లు దాటదు. 600 కిరాయికి 6000. జత ధర 25,000 అయితే మిగతాది మీ దిండ్ల కింద వెతుక్కోవాలి.

మిమ్మల్ని పూర్తిగా తీసిపారెయ్యడం మా ఉద్దేశం కాదు. విప్పిన గ్రిల్స్, కింద బిగించే స్పైకులు, వెనక టెర్మినళ్లను కలిపే జంపర్ ప్లేట్లు, రెండు మీటర్ల వైరు కలిపితే కిలోన్నర కూడా ఉండవు. అవి మీ మీదే వేసుకోండి. బిస్కెట్లకు మించిన బరువేమీ కాదు.

ఇట్లు,
స్పీకర్లు విప్పి, బిగించి, పంపే బాపతు జనం

తా.క. మీ నుదుట అంటించిన గాజుగ్లాసు బొమ్మ స్టిక్కరు గారికి ఒక మాట చేరవెయ్యండి. పార్సిల్ గోడౌన్‌లో ఆయన్ని చదివేంత తీరిక ఎవరికీ ఉండదు. చదివినా, ఆయన అట్టడుగున తలకిందులుగా ఉంటాడు.