గోడ కట్టారు సరే, గోల్ వేసేదెవరు?

2024 జనవరి 13న ఖతార్‌లోని అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో జరిగిన ఆసియా కప్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు తన తొలి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయినప్పుడు, మన దగ్గర నిందల కంటే మెచ్చుకోళ్లే ఎక్కువగా వినిపించాయి. ఫిఫా ర్యాంకింగ్స్‌లో 25వ స్థానంలో ఉన్న జట్టును 102వ స్థానంలో ఉన్న జట్టు తొలి అర్ధభాగమంతా గోల్ చేయనివ్వలేదు కాబట్టి అది గౌరవప్రదమైన ఓటమేనన్నారు. ఆ మాట అబద్ధం కాదు గానీ, అది ఆటలో సగాన్నే లెక్కలోకి తీసుకుంది. బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నంతసేపు మనవాళ్లు బాగానే ఆడారు. బంతి తమకు దొరికాక ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు.

కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఎంచుకున్న పద్ధతిలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. డిఫెండర్లు సందేశ్ ఝింగన్, రాహుల్ భేకే మధ్యలో కాపు కాయగా, మిడ్‌ఫీల్డర్లు కూడా వెనక్కి జరిగి పెనాల్టీ బాక్స్ ముందు ఖాళీ లేకుండా చూశారు. బంతిని చాలాసేపు తన అధీనంలో ఉంచుకున్న ఆస్ట్రేలియాకు మధ్యలోంచి దారి దొరక్క, పక్కల నుంచి గోల్ ముందుకు వేసే క్రాస్‌ల మీదే ఆధారపడవలసి వచ్చింది. 50వ నిమిషంలో అలాంటి క్రాస్‌నే గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు చేత్తో తోసినా, బంతి దూరం పోకుండా జాక్సన్ ఇర్విన్ ముందు పడింది. 73వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ జోర్డాన్ బోస్, రైలీ మెక్‌గ్రీ అందించిన బంతిని దగ్గరి నుంచి గోల్‌లోకి నెట్టాడు. ఈ రెండూ దిద్దుకోగలిగిన లోపాలే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 16వ నిమిషం. హైదరాబాద్ ఎఫ్‌సీకి కొన్నేళ్లపాటు ఆడిన నిఖిల్ పూజారి కుడివైపు నుంచి వేసిన క్రాస్‌కు కెప్టెన్ సునీల్ ఛెత్రి తల తగిలించగా, బంతి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. అప్పటికి ఛెత్రి వయసు 39 ఏళ్లు. అవకాశం పోయినందుకు అతణ్ని తప్పుపట్టలేం. ఆసియా స్థాయి మ్యాచ్‌లో, సరిగ్గా ఆ చోటికి, సరిగ్గా ఆ క్షణానికి చేరుకోగలిగిన వాడు మన జట్టులో ఇంకా అతనొక్కడే కావడం విచారించవలసిన సంగతి.

పాత లెక్కలతో పోల్చి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 2011లో ఇదే ఖతార్‌లో ఇదే ఆస్ట్రేలియా చేతిలో మనం 0-4తో ఓడిపోయాం. ఆ టోర్నీ మొత్తంలో 13 గోల్స్ ఇచ్చుకుని 3 వేశాం. 2019లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించి, మిగతా రెండు మ్యాచ్‌లు ఓడి, నాలుగు వేసి నాలుగు ఇచ్చుకున్నాం. 2024లో ఆస్ట్రేలియా తర్వాత ఉజ్బెకిస్థాన్‌తో 0-3తో, సిరియాతో 0-1తో ఓడిన మనకు ఒక్క గోల్ కూడా దక్కలేదు. రక్షణ విషయంలో పదమూడేళ్లలో ఎంతో కొంత ఎదిగిన జట్టు, దాడి విషయంలో ఉన్నది కూడా పోగొట్టుకుంది. అంతకుముందు రెండు టోర్నీల్లో వేసిన ఏడు గోల్స్‌లో నాలుగు ఛెత్రివేనని గుర్తుచేసుకుంటే, ఆ ఎదుగుదల కింద ఎంత బలహీనమైన పునాది ఉందో తెలుస్తుంది.

జట్టును సిద్ధం చేయడానికి తగినంత సమయం ఇవ్వలేదని స్టిమాచ్ పదేపదే వాపోయాడు. దోహాలో దొరికినవి సుమారు రెండు వారాలే కాబట్టి ఆ ఫిర్యాదు న్యాయమైనదే. శిబిరం ఇంకా నాలుగు వారాలు సాగి ఉంటే పాస్‌లు మెరుగుపడేవేమో, కౌంటర్ అటాక్‌లో ఎవరు ఎటు పరుగెత్తాలో కుదిరేదేమో. కానీ ఏడాదంతా తన క్లబ్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందువరుస మధ్యలో ఉండి గోల్స్ వేసేవాడిగా, ఆడని కుర్రవాణ్ని ఏ శిబిరమూ నెల రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా తయారుచేయలేదు.

మన దేశంలోని ప్రధాన క్లబ్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో మైదానంలోకి దిగే పదకొండు మందిలో నలుగురు విదేశీయులు ఉండవచ్చు. గెలుపు మీదే ఉద్యోగం ఆధారపడిన కోచ్ ఆ నలుగురిలో ఒకణ్ని తప్పకుండా స్ట్రైకర్‌గానే తెచ్చుకుంటాడు. మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ టైటిల్ గెలిచిన సీజన్‌లో 18 గోల్స్‌తో లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలిచింది నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఓగ్బెచే. క్లబ్‌గా అది సరైన నిర్ణయమే. ఆ కప్పు చూసి మనమూ సంతోషించాం. అయితే లీగ్‌లోని క్లబ్బులన్నీ ఇలాంటి సరైన నిర్ణయాలే తీసుకుంటూ పోయినందువల్ల భారతీయ ఫార్వర్డ్‌లు వింగ్‌లలోకో, బెంచీ మీదికో చేరారు. లాలియాన్‌జువాలా ఛాంగ్టే, మన్వీర్ సింగ్ వంటి మంచి ఆటగాళ్లు ఎక్కువగా పక్కల నుంచే ఆడటానికి కారణం ఇదే.

తర్వాత జరిగినవి ఈ అభిప్రాయాన్ని బలపరిచాయే తప్ప మార్చలేదు. ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లో అఫ్గానిస్థాన్‌తో ఒకసారి 0-0, గువాహటిలో 1-2. ఆ ఒక్క గోల్ కూడా ఛెత్రి పెనాల్టీదే. అతని వీడ్కోలు మ్యాచ్‌లో కువైట్‌తో 0-0. స్టిమాచ్‌ను తొలగించారు, హైదరాబాద్‌కు ఆ టైటిల్ అందించిన మనోలో మార్కెజ్ వచ్చారు, గోల్స్ మాత్రం పెద్దగా రాలేదు. రిటైరైన ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలవవలసి వచ్చింది. మార్కెజ్ తర్వాత ఖాలిద్ జమీల్ పగ్గాలు చేపట్టినా, 2025 అక్టోబరులో సింగపూర్ చేతిలో సొంతగడ్డపై 1-2తో ఓడి 2027 ఆసియా కప్‌కు అర్హతే కోల్పోయాం. ఇన్నాళ్లూ కట్టుకున్న రక్షణ గోడలోనూ పగుళ్లు కనబడ్డాయన్నమాట.

లీగ్‌లో విదేశీయులను పూర్తిగా తొలగించమనడం తొందరపాటు. వాళ్లతో తలపడటం వల్లనే మన డిఫెండర్లు రాటుదేలారు. దేశవాళీ కప్ టోర్నీల్లోనైనా ముందువరుసలో భారతీయుడే ఉండాలన్న నిబంధన పెట్టి, అదే చోట మూడు నాలుగేళ్లు వరుసగా ఆడే కుర్రవాళ్లను తయారుచేసుకోవచ్చు. క్లబ్బులు ఇష్టపడకపోవచ్చు. మొదట్లో ఆట నాణ్యత తగ్గవచ్చు, టికెట్లు అమ్ముడుపోకపోవచ్చు. ఆ నష్టంలో కొంత భాగాన్ని అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ భరించడానికి సిద్ధపడితే తప్ప ఏ క్లబ్ యజమానీ దీనికి ఒప్పుకోడు.