మత్తులో ఉన్నప్పుడే మెలకువ కావాలి

వైద్యుల నిర్లక్ష్యానికి బలైన రోగులు చేసే మొదటి పొరపాటు, ఆపరేషన్ బల్లమీద స్పృహ కోల్పోవడం. ఏమి జరిగిందో రుజువు చేయవలసిన మనిషే ఒళ్లు తెలియకుండా పడుకుంటే న్యాయమూర్తులు మాత్రం ఏమి చేస్తారు? నిరూపణ భారం సాధారణంగా రోగిదే. కనుక బుద్ధిమంతుడైన రోగి మత్తులో ఉంటూనే లోపలికి వెళ్లిన గుడ్డముక్కలెన్నో, బయటికి వచ్చినవెన్నో లెక్కపెట్టుకోవాలి.

మేలుకున్నాక ఇంకా పని ఉంది. వైద్యుడికి మీ పట్ల బాధ్యత ఉందని, అందులో లోపం చేశాడని, మీకు హాని జరిగిందని, ఆ హానికి ఆ లోపమే కారణమని చూపించాలి. చికిత్స ఫలించలేదన్న ఒక్క మాట చాలదు. అది సబబే, శరీరం అందరు వైద్యుల మాటా వినదు. హాని ఎలాగూ ఒంటిమీదే ఉంటుంది. చిక్కంతా లోపంతోనూ, కారణంతోనూ.

లోపాన్ని కొలవడానికి 1957లో ఇంగ్లండ్‌లోని బోలం కేసు ఒక కొలబద్ద ఇచ్చింది. బాధ్యతగల వైద్యుల బృందం ఒకటి సరైనదని ఒప్పుకునే పద్ధతిని పాటిస్తే చాలు, మరో బృందం కాదన్నా అది నిర్లక్ష్యం కాదు. కోడలి ఫిర్యాదు మీద అత్తల సంఘాన్ని అభిప్రాయం అడిగినట్టు. ఆ అభిప్రాయం తర్కానికి కూడా నిలబడాలని 1997లో బొలిథో కేసులో చెప్పారు. నలభై ఏళ్లే పట్టింది. తొందరపడి చెప్పలేదు.

కారణం సంగతి మరీ రుచికరం. 1960లలో లండన్‌లో ముగ్గురు కాపలాదారులు టీ తాగి, వాంతులతో ఆసుపత్రికి వెళ్లారు. డ్యూటీ వైద్యుడు వాళ్లను చూడకుండానే, ఇంటికి వెళ్లి సొంత డాక్టర్లను పిలిపించుకోమని నర్సుతో ఫోనులో చెప్పాడు. ఒకరు చనిపోయారు. టీలో ఆర్సెనిక్ ఉంది. చూడకపోవడం నిర్లక్ష్యమేనని కోర్టు ఒప్పుకుంది. అయితే, చూసి ఉన్నా విరుగుడు వేళకు అందేది కాదు గనుక పరిహారం లేదంది. కాబట్టి ఎవరైనా మీ టీలో విషం కలపబోతుంటే, విరుగుడు వేళకు దొరికే రకం కలపమని బతిమాలుకోండి.

కడుపులో మరిచిపోయిన కత్తెర దొరికినవారు మాత్రం అదృష్టవంతులు. ‘విషయమే స్వయంగా మాట్లాడుతుంది’ అనే సూత్రం చాలా దేశాల్లో ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. ఆ గదిలోని మనుషులెవరూ నోరు విప్పకపోయినా కత్తెర విప్పుతుంది. దానికి వృత్తి సంఘం లేదు కదా.

‘సంతకం చేశారుగా’ అని ఎవరైనా గదమాయిస్తే బెదరకండి. చికిత్సలోని ప్రమాదాలకు ఒప్పుకున్నారే తప్ప అజాగ్రత్తకు కాదు. రికార్డుల నకళ్లు మాత్రం వెంటనే అడగండి. కాగితం రోగి చేతికి వచ్చాక ఆసుపత్రుల జ్ఞాపకశక్తి ఆశ్చర్యంగా మెరుగుపడుతుంది. దావా వేయడానికి గడువు కూడా ఉంటుంది. కొన్నిచోట్ల హాని జరిగిన రోజు నుంచి, కొన్నిచోట్ల అది మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. మీరింకా చేతికర్రతో నడక నేర్చుకుంటూ ఉంటారు. ఆ గడియారానికి మాత్రం ఎవరూ మత్తు ఇవ్వలేదు.