మీ బీరువాలోని పాత నూలు చీర నాకివ్వండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకకు వచ్చినవాళ్ళకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయింది, పిల్లల డాన్సులు సగం అయ్యాయి. భోజనాల లైను మొదలయ్యే ముందు ఊరి బళ్ళ నిధి కోసం వేలంపాట పెట్టారు. నేనిచ్చిన క్విల్ట్ వంతు వచ్చింది. గుడ్డముక్కలు అతికి, లోపల దూది పొర వేసి కుట్టే దుప్పటి అది. మైకు పట్టుకున్న తమ్ముడు దాన్ని రెండు చేతులతో పైకెత్తి, "ఇదిగోండి అతుకుల బొంత! గంతకు తగ్గ బొంత! ఎవరికి కావాలో పాడుకోండి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ అబ్బాయికి నా మీద కోపమేమీ లేదు, నలుగురినీ నవ్వించాలనే అన్నాడు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాట 40 డాలర్ల దగ్గర ఆగిపోయింది. లోపల వేసిన దూది పొరకే నాకు అంతయింది.

ఆ క్విల్ట్‌కు నాలుగు నెలలు పట్టింది. మధ్యలో లేత చిలకపచ్చ గళ్ళన్నీ మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన పాటూరు చీరవి. చుట్టూ ఉన్న ఇటుకరంగు ముక్కలు మా మేనత్తవి, చీరాల నూలు. ఒక మూల అరచేతి వెడల్పు ముక్క మీద పసుపు మరక ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. మా చెల్లెలి సీమంతం రోజున అంటింది అది. ఆ ముక్క తీసేసి ఇంకోటి వేయొచ్చు, నాకు చేతులు రాలేదు. వేలానికి ఇవ్వడానికీ మనసొప్పలేదు గానీ, బడి పిల్లల కోసం కదా అని ఇచ్చాను.

బొంత అన్నందుకు నాకు బాధ లేదు. అది బొంతే. కానీ బొంతకు మనం ఇచ్చే మర్యాద చూడండి. పొసగని పార్టీల పొత్తు కనిపిస్తే అతుకుల బొంత అంటాం. ఎవరినైనా జంటగా తక్కువ చేయాలంటే గంతకు తగ్గ బొంత అంటాం. మా కోవూరు ఇంట్లోనూ అంతే. పక్క తడిపే పిల్లల కింద బొంత. చుట్టాలు వస్తున్నారంటే ఆ బొంత మంచం కిందికి పోయేది, పెట్టెలోంచి షోలాపూర్ దుప్పటి బయటికొచ్చేది. అదే ఇంట్లో పురిటిబిడ్డకు కొత్త బట్ట తగలనిచ్చేవాళ్ళు కాదు. అవ్వ కట్టిన నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేసేవాళ్ళు. భూమ్మీద పడగానే మనల్ని చుట్టింది పాత చీరే. పెద్దయ్యాక దాన్ని చూసి సిగ్గుపడటం ఎక్కడ నేర్చుకున్నామో నాకు అర్థం కాదు.

ఇక డబ్బు సంగతి. నేను ఈ పని మొదలుపెట్టిన 2012లో మంచి క్విల్టింగ్ గుడ్డ గజం 9, 10 డాలర్లకు దొరికేది. ఇప్పుడు నేను కొనే చోట 13కు తక్కువ లేదు. డబుల్ కాట్ మీదికి ఒక క్విల్ట్ చేయాలంటే పైపొరకు 8, 9 గజాలు, అడుగుపొరకు ఇంకో 8 గజాలు కావాలి. గుడ్డకే 200 డాలర్లు దాటిపోతుంది. దూది, దారం వేరే. ఆ గుడ్డలో ఎక్కువ భాగం ఇక్కడ తయారయ్యేది కాదు. కొరియా, జపాన్, పాకిస్తాన్, ఇండియా, ఇండోనేషియా మిల్లుల నుంచి వస్తుంది. సుంకం పెరిగితే నేరుగా గజం ధర మీదే పడుతుంది. 2025 ఆగస్టు చివర్లో మన ఇండియా సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది కూడా. అంతకు ముందే, అదే ఏడాది మే నెలాఖరుకల్లా గుడ్డలు, కుట్టు సామాను అమ్మే జోయాన్ దుకాణాలు అన్నీ మూతబడ్డాయి. 1943లో ఒహాయోలో మొదలైన కంపెనీ, దేశమంతా కలిపి 800 దాకా దుకాణాలు. కూపన్ పట్టుకుని వెళ్ళి గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసుకుని కొనుక్కునే చోటు నాకు అదొక్కటే ఉండేది.

మన సంఘంలో ఈ పని చేసేవాళ్ళం ఆరుగురం. నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చుంటాం. ఒంగోలు నుంచి వచ్చిన అమ్మాయి పాతబట్టల దుకాణంలో సగం ధర రోజు చూసుకుని పెద్ద సైజు మగవాళ్ళ నూలు చొక్కాలు తెస్తుంది. కాలరు, కఫ్‌లు తీసేస్తే వీపు భాగం మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. ఇంకొకామె అడుగుపొరకు మంచం దుప్పట్లు వాడుతుంది. మిషన్ మీద బాగానే ఉంటుంది, చేత్తో కుడితే మాత్రం ఆ నేత బిగువుకు సూది దిగదు, వేళ్ళు పుళ్ళు పడతాయి. మిగిలిన దూది ముక్కలను జిగ్‌జాగ్ కుట్టుతో అతికి చిన్న క్విల్ట్‌లకు వేసుకుంటాం. ఇద్దరు మాత్రం కొత్తవి మొదలుపెట్టడమే మానేశారు.

పోయిన సంక్రాంతికి కోవూరు వెళ్ళినప్పుడు ఈ గజాల లెక్కంతా మా అమ్మకు చెప్పాను. చూపించడానికి కత్తిరించిన కొత్త గుడ్డ ముక్కలు కొన్ని తీసుకెళ్ళాను. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మే, బంగారంలాంటి కొత్త గుడ్డని ముక్కలు చేసి, మళ్ళా ఆ ముక్కలన్నీ కలిపి కుట్టేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె లేచి బీరువా తీసి, ఇక కట్టను అంటూ 11 చీరలు మంచం మీద వేసింది. "పాతబట్టలకు స్టీలు సామాన్లు" అని వీధిలో కేక వినబడగానే ఇలాంటివే ఆరు ఇచ్చి ఒక బేసిన్ తీసుకునేది ఈ అమ్మే. ఆ బేసిన్లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, చీరలే లేవు. మా అవ్వ పోయాక ఆమె చీరలన్నీ ఆనవాయితీ అని మూట కట్టి ఇచ్చేశారు, ఒక్కటైనా ఉంచుకోలేదు. పెద్దల పద్ధతులను నేను గౌరవిస్తాను గానీ ఆ ఒక్క విషయంలో ఈ రోజుకీ క్షమించలేకపోతున్నాను.

ఆ 11 చీరలు సూట్‌కేసులో సర్దితే దాదాపు 5 కిలోలు. ఆవకాయ జాడీ తీసి పక్కన పెట్టేశాను. ఒక చీర 6 గజాలు, 13 డాలర్ల లెక్కన 78 డాలర్ల గుడ్డ. నడుము దగ్గర, కుచ్చెళ్ళ కింద అరిగిపోయింది తీసేసినా నాలుగు గజాలు మిగులుతుంది. చేనేత పలచన కాబట్టి కత్తెర కింద జారిపోతుంది, వంకర పోతుంది. మొదటి రెండు చీరలు అలాగే పాడుచేశాను. మూడోదానికి అమ్మ చెప్పినట్టు అన్నం వార్చిన గంజి పలచగా కలిపి పెట్టాను. నీడన ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడింది. ఇక్కడివాళ్ళు డబ్బాలో కొనుక్కుని కొట్టుకునే స్టార్చ్ పని అదే. రంగు దిగుతుందేమోనని ముందే తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవాలి. జరీ అంచు మాత్రం విప్పేయాలి, ఒంటికి గీసుకుంటుంది.

పాతబట్టల బొంతకు మర్యాద దక్కిన చోటూ ఉంది. ఇక్కడి అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకున్న పాత బట్టలతో తరతరాలుగా క్విల్ట్‌లు కుట్టారు. 2002లో అవి హ్యూస్టన్ మ్యూజియంకు, అక్కడి నుంచి న్యూయార్క్ విట్నీ మ్యూజియంకు వెళ్ళాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికీ ఎక్కాయి. వాటిని చూడటానికి మనం టికెట్ కొని వెళ్తాం.

కొందరు అక్కయ్యలు, "అమ్మ చీర మీద కత్తెర ఎలా పెడతాం" అన్నారు. నిజమే, అలాంటివి దాచుకోండి. పాత చీరలు తిప్పి తిప్పి వాడితే పాటూరు మగ్గం మీద కూర్చున్నవాళ్ళ సంగతేమిటని ఒక బాబాయిగారు అడిగారు. అదీ న్యాయమైన మాటే. నూలు ధర పెరిగినప్పుడల్లా ముందు నలిగేది వాళ్ళే. అందుకే కమిటీవాళ్ళను అడుగుతున్నాను, సన్మానాలకు ఆ మెరిసే పాలియెస్టర్ శాలువాలు మానేసి చేనేత నూలు గుడ్డ కప్పండి. శాలువా ఎవరూ రెండోసారి కప్పుకోవడం నేను చూడలేదు. నూలు గుడ్డయితే కప్పించుకున్నవాళ్ళు వాడుకుంటారు, లేకపోతే మాకిస్తారు.

నేను అసలు అడగాలనుకున్నది ఇంకా చిన్నది. దీపావళి వేడుకలో రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఒక అట్టపెట్టె పెట్టుకోనివ్వండి. బీరువా అడుగున కట్టకుండా, పారేయలేక ఉంచుకున్న నూలు చీర ఉంటే అందులో వేయండి. చిరుగులున్నా పర్లేదు, మరకలున్నా పర్లేదు, అంచు నేను విప్పుకుంటాను. ఎవరు కట్టిన చీరో, ఏ ఊరిదో మాత్రం ఒక చీటీ మీద రాసి కొంగుకు పిన్నుతో పెట్టండి.