‘చేతిలో పవర్ ఉంటే చాలు’ అంటున్న డిస్కస్ వీడియోకి జవాబు

జిల్లా మీట్లు దగ్గర పడ్డాయంటే ఫోన్లలో ఒక వీడియో తిరగడం మొదలవుతుంది. గుంటూరు, విజయవాడ పీఈటీల గ్రూపుల్లో ఉంది, తల్లిదండ్రుల గ్రూపుల్లోనూ ఉంది. కండలు తిరిగిన ఒకాయన నిమిషంన్నరలో డిస్కస్ త్రో, అంటే పళ్ళెం లాంటి గుండ్రటి డిస్క్‌ని విసిరే ఆట, మొత్తం నేర్పేస్తాడు. ఆయన చెప్పేది ఇదీ: డిస్కస్ అంటే చేతి బలం. మొదటి అడుగు నుంచే ఎంత స్పీడుగా తిరిగితే అంత దూరం. 45 డిగ్రీల్లో వదలాలి, అదీ గాలి వీపు వెనక నుంచి వీస్తున్నప్పుడు. బరువు ఎక్కువున్న డిస్క్‌తో ప్రాక్టీస్ చేస్తే అసలు డిస్క్ తేలికైపోతుంది. ఇవన్నీ పాటిస్తే నెలలో పది మీటర్లు పెరుగుతుంది.

పిల్లలు అది చూసి గ్రౌండ్‌కి వచ్చి అలాగే విసురుతున్నారు. వాళ్ళకి త్రోలు నేర్పేవాణ్ణి కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

చేతి బలం సంగతి ముందు చూద్దాం. వీడియోలో సగం డంబెల్సే. డిస్క్ చేతిలో ఉంటుంది కాబట్టి విసిరేది చెయ్యేనని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈసారి కుడిచేతి వాటం త్రోయర్ ఎవరైనా తిరుగుతుంటే చెయ్యి వదిలేసి కుడి పాదం చూడండి. సర్కిల్, అంటే నిలబడి విసిరే గుండ్రటి గీత, దాని మధ్యలో అది మునివేళ్ళ మీద దిగాలి, దిగాక కూడా తిరుగుతూనే ఉండాలి. పాదంతో మోకాలు, మోకాలితో నడుము తిరుగుతాయి. ఆ తర్వాతే ఛాతీ, భుజం. చెయ్యి అన్నిటికంటే చివర వస్తుంది. ఈలోపు ఎడమ కాలు సర్కిల్ ముందు భాగంలో గట్టిగా నిలబడి ఒంటిని ఆపుతుంది. దాన్నే బ్లాక్ అంటాం. ఒళ్ళు ఆగడంతో ఆ ఊపంతా డిస్క్‌లోకి పోతుంది. ఈ వరసలో చెయ్యి కొరడా కొస లాంటిది. కొసని ఎంత లావు చేసినా పిడి కదలకపోతే దెబ్బ పడదు.

కొత్త పిల్లల్లో ఎక్కువగా కనిపించే తప్పు చేతిలో ఉండదు, మడమలో ఉంటుంది. సర్కిల్ మధ్యకి రాగానే కుడి మడమ టపీమని నేలకి ఆనుతుంది. పాదం అక్కడే బిగుసుకుపోతుంది. నడుము ఆగిపోతుంది. ఇక మిగిలింది చెయ్యే కాబట్టి పాపం దాన్నే లాగుతారు. ఇది కంటికి కనపడాలంటే సర్కిల్ మధ్యలో సుద్దతో మందంగా ఒక గుర్తు పెట్టి, కుడి పాదం దాని మీద దిగేలా విసరమనండి. త్రో అయ్యాక వంగి చూడండి. పాదం తిరిగి ఉంటే సుద్ద గుండ్రంగా చెదిరి ఉంటుంది. మడమ పడి ఉంటే అడుగు అచ్చు అచ్చుగానే ఉంటుంది. కోచ్ నోటితో చెప్పేదానికంటే ఆ సుద్ద మరకని పిల్లలు త్వరగా నమ్ముతారు.

బలం అక్కర్లేదని నేననడం లేదు. కావాల్సింది తొడల్లో, నడుములో, వీపులో. స్క్వాట్స్, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) త్రోలు ఎందుకు చేయిస్తారనుకున్నారు? ఆ వీడియోలో కాళ్ళ వర్కవుట్ ఒక్కటంటే ఒక్కటి లేదు.

పట్టు గురించి కూడా ఆయన ‘గట్టిగా పట్టుకోండి’ అంటాడు. గట్టిగా పట్టుకోవడానికి అసలు వీలే లేదు. డిస్క్ అంచు నాలుగు వేళ్ళ చివరి కణుపుల మీద ఆని ఉంటుంది, బొటనవేలు పైన ఊరికే పరుచుకుని ఉంటుంది. తిరిగేటప్పుడు పుట్టే లాగుడే డిస్క్‌ని వేళ్ళకి అంటిపెట్టి ఉంచుతుంది. వదిలేటప్పుడు అది చూపుడువేలు మీదుగా దొర్లుతూ పోవాలి. అందుకే మొదటి వారం అసలు గాల్లోకి విసరనివ్వను. నేల మీద చక్రంలా దొర్లించమంటాను. వంకర పోకుండా నిటారుగా దొర్లిందంటే వేలు పని చేస్తున్నట్టు లెక్క.

ఇక స్పీడు. డిస్కస్ సర్కిల్ అడ్డకొలత 2.5 మీటర్లు. అందులో దాదాపు ఒకటిన్నర చుట్టు తిరిగి, సర్కిల్ దాటకుండా నిలబడాలి. మొదట్లోనే రయ్యిమని తిరిగితే ఎడమ పాదం మీద బ్యాలెన్స్ పోతుంది, భుజాలు నడుముని దాటి ముందుకు వచ్చేస్తాయి. మధ్యలోకి వచ్చేసరికి విసరడానికి ఏమీ మిగలదు. మొదలు నింపాదిగా ఉండాలి, వదిలే క్షణం అన్నిటికంటే వేగంగా ఉండాలి. బయట నిలబడి ‘ఫాస్ట్, ఫాస్ట్’ అని అరిచే సార్లు దయచేసి ఒక్కసారి ‘స్లో’ అని చూడండి. స్టాండింగ్ త్రో, అంటే చుట్టు తిరగకుండా నిలబడి విసరడం, కుదిరాకే సౌత్ ఆఫ్రికన్ డ్రిల్‌కి, అంటే విసిరే వైపు ముఖం పెట్టి ఒక్క చుట్టుతో విసరడానికి రావాలి. పూర్తి చుట్టు ఆ తర్వాతి మాట.

45 డిగ్రీల మాట మన ఊళ్ళలో ఇంతగా ఎందుకు పాకిందో నాకు తెలుసు. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన ప్రతివాడికీ ప్రొజెక్టైల్ లెక్క, అంటే 45 డిగ్రీల్లో విసిరిందే ఎక్కువ దూరం పోతుందనే లెక్క, కంఠతా వచ్చు. విజయవాడ, గుంటూరుల్లో ఎంపీసీ చదవని ఇల్లు వెతుక్కోవాలి. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే పుస్తకంలో దాని పైనే ఒక ముక్క ఉంటుంది, ‘గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకుండా’ అని. డిస్కస్‌కి ఆ ముక్క చెల్లదు. డిస్క్ గాలిని కోసుకుంటూ పోతుంది, గాలి దాన్ని కింద నుంచి ఎత్తుతుంది. పైగా డిస్క్ చేతిలోంచి వెళ్ళేది నేల మీద నుంచి కాదు, ఇంచుమించు భుజం ఎత్తు నుంచి. మనిషి ఒళ్ళు కూడా పైకి ఎగదోసేటప్పటికంటే ముందుకి తోసేటప్పుడే ఎక్కువ వేగం పుట్టిస్తుంది. ఈ మూడూ కలిసి కోణాన్ని కిందికి లాగుతాయి. మంచి త్రోలు 35 నుంచి 40 డిగ్రీల మధ్య వెళ్తాయి. 45 కోసం పాకులాడే పిల్లాడు ముందు అంచు పైకెత్తేస్తాడు. డిస్క్ ఆకాశంలోకి లేచి, ఊపు చచ్చి, దగ్గర్లోనే దబ్బున పడుతుంది. చూసేవాళ్ళకి మాత్రం భలే ఎత్తు పోయిందనిపిస్తుంది.

గాలి విషయంలో వీడియో చెప్పింది పూర్తిగా తలకిందులు. ఎదురుగాలి ఉంటే డిస్క్ మీదుగా పోయే గాలి వేగం పెరుగుతుంది, ఎత్తే బలం కూడా పెరుగుతుంది. వీపు వెనక గాలికి ఆ బలం తగ్గుతుంది. 100 మీటర్ల పరుగులో, లాంగ్‌జంప్‌లో గాలి సెకనుకి 2 మీటర్లు దాటి వెనక నుంచి తోస్తే రికార్డు ఒప్పుకోరు. డిస్కస్‌కి అలాంటి గాలి నిబంధనే లేదు. లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా 2024లో 74.35 మీటర్లు, 2025లో 75.56 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డులు పెట్టింది అమెరికాలోని ఓక్లహామాలో, రమోనా అనే చిన్న ఊళ్ళో. త్రోయర్లు వెతుక్కుంటూ అంతదూరం పోయేది అక్కడి గాలి కోసమే. కుడిచేతి వాటం వాళ్ళకి కుడివైపు ముందు నుంచి వచ్చే గాలి మరీ ఇష్టం. అయితే ఎదురుగాలిలో ముందు అంచు ఇంకాస్త కిందికి ఉండాలి, లేకపోతే అదే గాలి డిస్క్‌ని వెనక్కి తిరగేస్తుంది. మన దగ్గర ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. కేజ్‌కి, అంటే సర్కిల్ చుట్టూ కట్టే వలకి, ఒక రిబ్బన్ కట్టి, అది ఎటు ఊగుతుందో చూసి విసరడం పిల్లలకి అలవాటు చేయండి. ఖర్చు రెండు రూపాయలు.

బరువు డిస్క్‌తో ప్రాక్టీస్ అనే సలహా మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. 2 కిలోలది సీనియర్ మగవాళ్ళ డిస్క్. అండర్-20 కుర్రాళ్ళకి 1.75, అండర్-18కి 1.5 కిలోలు. ఆడవాళ్ళకి ఏ వయసులోనైనా 1 కిలో దాటదు. ఈ తేడాలు ఊరికే పెట్టలేదు. ఎనిమిదో క్లాసు పిల్లాడి చేతిలో 2 కిలోలు పెడితే వాడు దాన్ని విసరలేడు, ఈడ్చుకుంటాడు. మోచెయ్యి ముడుచుకుంటుంది, భుజం ముందుకొస్తుంది, మనం పాదం నుంచి మొదలుపెట్టి కట్టిన వరసంతా కూలిపోతుంది. భుజం నొప్పి అదనం. పెద్ద త్రోయర్లు బరువు డిస్కులు వాడతారు, నిజమే. టెక్నిక్ కుదిరిపోయాక, లెక్క ప్రకారం, సీజన్లో కొంతకాలం. పిల్లలకి తేలికైన రబ్బరు డిస్కే మంచిది.

నెలలో పది మీటర్లు అంటే నవ్వొస్తుంది. 1986లో తూర్పు జర్మనీకి చెందిన యుర్గన్ షుల్ట్ 74.08 మీటర్లు విసిరాడు. ప్రపంచమంతా కలిసి దాన్ని దాటడానికి 2024 దాకా పట్టింది, అదీ 27 సెంటీమీటర్లతో. మన వికాస్ గౌడ 2012లో 66.28తో జాతీయ రికార్డు పెట్టాడు, 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో స్వర్ణం తెచ్చింది 63.64. అయితే పట్టు కూడా తెలియని పిల్లాడు సరిగ్గా వదలడం నేర్చుకుంటే మొదట్లో దూరం చకచకా పెరుగుతుంది. వీడియో కింద ‘నాకు పెరిగింది అన్నా’ అనే కామెంట్లు బహుశా వాళ్ళవే. ఆ పెరుగుదల కొన్నాళ్ళకి ఆగుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు టెన్షన్ పడి డంబెల్స్ మీద పడతారు.

ఇంకొకటి, ఆయన చెప్పనిది, వీడియోలో కనిపించేది. కేజ్ లేదు. ఆయన తిరుగుతుంటే పిల్లలు ముందుకొచ్చి, ఆయన కుడివైపు వరసగా నిలబడి ఫోన్లలో తీస్తున్నారు. కుడిచేతి వాటం త్రోయర్ చేతిలోంచి డిస్క్ ముందే జారితే వెళ్ళేది ఆ వైపుకే. కేజ్ లేని గ్రౌండ్లో పిల్లలందరినీ త్రోయర్‌కి బాగా వెనక నిలబెట్టండి. అందరి డిస్కులూ పడ్డాకే తెచ్చుకోవడానికి వెళ్ళాలి. తెచ్చేవాడు చేత్తో పట్టుకుని నడిచి రావాలి, అక్కడి నుంచి తిరిగి విసరకూడదు.